పెళ్లి ఫొటోల్లో దొరికిన తలుపులు

మీ ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్ ఉందా? జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో అలాంటి ఆల్బమ్‌లే ఒక చర్చికి తలుపులు తెచ్చిపెట్టాయి.

18వ శతాబ్దంలో కట్టిన అక్కడి ఫ్రౌయెన్‌కిర్కె చర్చి, 1945 ఫిబ్రవరి బాంబుదాడుల మంటల్లో కాగి కాగి, 15వ తేదీ ఉదయం కుప్పకూలింది. నలభై ఏళ్లకు పైగా రాళ్లగుట్టగానే ఉండిపోయింది. 1990లలో తిరిగి కట్టేటప్పుడు, ఓక్ చెక్క తలుపుల మీది నగిషీ ఎలా ఉండేదో సరిగ్గా తెలియలేదు. పాత ఫొటోలుంటే ఇమ్మని జనాన్ని అడిగారు. ఆ గుమ్మం ముందు ఫొటో దిగిన కొత్త జంటలెన్నో! ఆల్బమ్‌లకు ఆల్బమ్‌లే వచ్చాయి. వధూవరుల వెనక, ఎవరూ అంతగా చూడని చోట, ఆ తలుపులు కనిపించాయి. వాటిని చూసే పనివాళ్లు మళ్లీ చెక్కారు. ఈ సంగతి తలచుకుంటే నాకు మనసు నిండిపోతుంది.

తలుపులకే కాదు, గోపురం మీది కొత్త శిలువకూ ఒక కథ ఉంది: దాన్ని చేసిన లండన్ స్వర్ణకారుడి తండ్రి, ఆనాడు ఆ ఊరిమీద బాంబులు వేసిన విమానాల సిబ్బందిలో ఒకరు.

2005 అక్టోబరు 30న చర్చిని తిరిగి ప్రతిష్ఠించారు. ఇప్పుడక్కడ ఆరాధనలూ ఉన్నాయి, సంగీత కచేరీలూ ఉన్నాయి. శిథిలాల్లోంచి ఏరి పేర్చిన వేల పాత రాళ్లు, లేతరంగు కొత్త రాళ్ల మధ్య నల్లగా కనిపిస్తాయి. ఇసుకరాయి కదా, ఏళ్లు గడిచేకొద్దీ కొత్తవీ మెల్లగా నల్లబడుతున్నాయి.