ఉపవాసం వేరు, పస్తు వేరు

కొరాపుట్, రాయగడ కొండల్లో పోడు కనబడగానే మైదానంవాళ్లం అనే మాట ఒకటే: “అడవిని తగలబెడుతున్నారు.” పట్నాల్లో ఈ మధ్య ఇంకో మాటా వినిపిస్తోంది: “వాళ్లే ధన్యులు. కరెంటూ పురుగుమందులూ లేకుండా ప్రకృతి ఒడిలో బతుకుతున్నారు.” ఈ నిందలో, ఈ పొగడ్తలో న్యాయం ఎంత?

ముందు నింద సంగతి చూద్దాం. ఉష్ణమండలపు అడవుల్లో సారం చాలావరకు నేలలో కాక చెట్టూచేమల్లోనే ఉంటుంది. కొట్టి కాలిస్తే బూడిదలోని పొటాష్, భాస్వరం నేలకు దక్కుతాయి. చోళ్లు, సామలు, కొర్రలు, కందులు కలిపి చల్లుతారు; వాన మొహం చాటేసినా ఏదో ఒకటి చేతికొస్తుంది. రెండు మూడేళ్లకు ఆ చోటు వదిలేస్తారు. మొదళ్లు పెకలించరు గనుక అడవి మళ్లీ చిగురిస్తుంది. ఈ సేద్యానికి ప్రాణం నిప్పు కాదు, నేలకిచ్చే విశ్రాంతి.

ఆ విశ్రాంతి ఎలా కరువైంది? 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు వచ్చి, తిరిగే చోటు తగ్గింది. 1922–24 మన్యం తిరుగుబాటుకు పోడుపై ఆంక్షలు ఒక కారణం. తర్వాత ఆనకట్టలు, గనులు వచ్చాయి, జనమూ పెరిగారు. విడుపు తగ్గితే కొండ బోడి అవుతుంది, మట్టి వాగు పాలవుతుంది. ఆ నష్టం నిజమే. కొండకు మన న్యాయాన్యాయాలు తెలియవు. కానీ చోటు లాక్కున్నవాణ్ణి వదిలేసి చోటు చాలనివాణ్ణి దోషి అనడం మాత్రం ధర్మం కాదు.

ఇక పొగడ్త. బలిమెల జలాశయం కరెంటు కోసం ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్నది. దాని వెనక చిక్కుకున్న 151 ఊళ్లకు 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా పడవే దారి. వాళ్లలో చాలామంది దశాబ్దాలపాటు చీకట్లోనే ఉన్నారు. ఆ చీకటిని నిరాడంబరత అందామా? ఉపవాసమున్నవాడి విస్తరీ, పస్తున్నవాడి విస్తరీ ఖాళీవే. తేడా అల్లా, వద్దనే హక్కు ఎవరికుందన్నదే.

ఆ హక్కు చేతికొస్తే ఏమవుతుందో నియమగిరి చూపింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. గని వద్దన్నవాడు దీపం, డాక్టరు కూడా వద్దన్నాడని కాదు. ఏది కావాలో ఏది వద్దో చెప్పాల్సింది వాడే.

ఇందులో మన లెక్కా ఉంది. ఉప్పూ, బట్టా, అప్పూ పట్టుకుని ఆ కొండలెక్కినవాళ్లలో తెలుగు వర్తకులూ ఉన్నారు. ఆదివాసీ భూమి పరాయి చేతికి పోకుండా ఒడిశా 1956లో నిబంధన తేవలసి వచ్చింది. పరాయి రాష్ట్రంలో మన బడి, మన భాష సంగతి మనల్ని అడగకుండా తేల్చవద్దంటాం. ఆ మాట మనకు న్యాయమైతే కొండవాడికీ న్యాయమే. వాణ్ణి తిట్టడానికీ పొగడడానికీ ముందు అడగడం నేర్చుకోవాలి.