యముడు సేదదీరిన ఊరు

తెలుగిళ్లలో దీపాలు పెట్టేవేళ యముడి పేరెత్తితే పెద్దవాళ్లు కసురుకుంటారు. సినిమావాళ్లయితే ఆయన్ని ఎప్పుడో నవ్వులపాలు చేశారు. 1977 నాటి ‘యమగోల’ మొదలు 2007లో వచ్చిన ‘యమదొంగ’ దాకా నరుల చేతిలో ఆయన పడని పాట్లు లేవు. అయితే భయం, లేకుంటే వేళాకోళం. ఈ రెండూ కాకుండా యముడికి పొద్దున్నే దండం పెట్టుకుని పనుల్లోకి దిగే ఊరు ఒకటుంది. గోదావరి ఒడ్డున, ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్న ధర్మపురి అది.

క్షేత్రానికి అధిపతి యముడు కాడు, లక్ష్మీనరసింహస్వామి. హిరణ్యకశిపుణ్ని చీల్చిన ఉగ్రమూర్తి ఇక్కడ యోగానందుడై కూర్చున్నాడు. ధర్మవర్మ అనే రాజు తపస్సుకు మెచ్చి స్వామి వెలిశాడని, ఆ రాజు పేరే ఊరికి నిలిచిందని స్థలపురాణం. మరి నరసింహుడి ముంగిట్లోకి యముడెలా వచ్చాడు? రోజూ ప్రాణాలు తీసే పనిలో పడి ఆయనకు మనశ్శాంతి కరువైందట. క్షేత్రాలన్నీ తిరిగినా ఊరట దొరకలేదట. చివరికి ఇక్కడి గోదావరిలో మునిగి స్వామిని చూశాక మనసు కుదుటపడిందట. ఆయన మునిగిన చోటే యమగుండం. ఆ తర్వాత ఎక్కడికీ పోకుండా ఆలయంలోనే ఓ పక్కన ఉండిపోయాడు. ఎంత గడుసు ఊహ! అందరి ఆయువు లెక్క చూసేవాడికి అలసట వస్తే, సేదదీరడానికి తెలంగాణలోని ఓ రేవు దొరికింది.

కోరలు, చేతిలో దండం ఉన్నా యముడి గుడి ముందు జనం జంకరు. గండదీపంలో నూనె పోసి, గండాలు గడవాలని మొక్కుకుంటారు. భరణి ఆయన నక్షత్రం కాబట్టి ఆ రోజు ప్రత్యేక పూజలుంటాయి. కార్తీక శుద్ధ విదియనాడు యముడు చెల్లెలు యమున ఇంట భోజనం చేశాడంటారు. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల చేతి వంట తినే భగినీ హస్త భోజనం రోజున ఇక్కడ సందడి ఇంకాస్త ఎక్కువ. దేశంలో యముడికి ఉన్న గుడి ఇదొక్కటేనని కొందరు గట్టిగా చెబుతారు గానీ అది నిజం కాదు. హిమాచల్‌లోని భర్మౌర్‌లో, తమిళనాడులోని శ్రీవాంఛియంలో కూడా ఆయనకు గుళ్లున్నాయి. ఒక్కటే కాకపోయినంత మాత్రాన ధర్మపురికి పోయేదేమీ లేదు.

కరీంనగర్ నుంచి వచ్చేవాళ్లకు దారిలో కొండగట్టు అంజన్న, ఆపైన జగిత్యాల. మంచిర్యాల వైపు నుంచైతే రాయపట్నం వంతెన దాటాలి. రేవులో నిలబడి చూస్తే ఎదురుగా కనిపించేది పాత ఆదిలాబాద్ జిల్లా గట్టు. తూర్పు దిక్కుగా సాగిపోయే గోదావరి ఈ ఊరి దగ్గర కాస్త దక్షిణానికి ఒరుగుతుంది. అందుకే దీన్ని దక్షిణ వాహిని అంటారు. దక్షిణం యముడి దిక్కు. నది ఆయన వైపు తిరిగిందో, ఆయనే నదిని వెతుక్కుంటూ వచ్చాడో తేల్చడం కష్టం.

ఇక్కడివాళ్లకు ఇది గోదావరి కాదు, గంగ. ‘గంగకు పోయొస్తం’ అంటే పక్క వీధికి వెళ్లినంత మామూలుగా అంటారు. ముందు గంగ, తర్వాత గుడి, అదీ వరుస. రేవులో ఒకవైపు పురోహితుడు సంకల్పం చెబుతుంటాడు, ఇంకోవైపు ఓ కుటుంబం అస్థికలు కలుపుతుంటుంది, వాళ్లకు నాలుగు బారల దూరంలో పిల్లలు నీళ్లు చల్లుకుంటుంటారు. ఎవరూ ఎవరికీ అడ్డురారు. ఎండాకాలంలో మాత్రం నీళ్లు సన్నగిల్లి ఇసుకలో చాలా దూరం నడవాల్సి వస్తుంది. ఎగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ కట్టిన నాటినుంచి ఇక్కడి నీళ్లకు వానతో పాటు గేట్లు కూడా దిక్కయ్యాయి.

నదిలో మునిగి గుళ్లోకి వస్తే శివకేశవులు పక్కపక్కనే ఉంటారు. నరసింహస్వామికి పొరుగున రామలింగేశ్వరుడు. రాముడు ఇసుకతో చేసిన లింగమని ప్రతీతి. ఊళ్లో ఇసుక స్తంభమూ ఉంది. శాపంతో పామైన భర్త గంగలో మునిగి మనిషయ్యాడని, దానికి సాక్షిగా సత్యవతి ఇసుకతో స్తంభం నిలిపిందని కథ. ఈ ఊళ్లో ఇసుకక్కూడా ఓ పురాణం ఉందన్నమాట.

ఈ ఊరిని చూడని తెలుగువాళ్లు ఉండొచ్చు గానీ దాని పేరు పలకనివాళ్లు తక్కువ. శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యం చివరా ధర్మపురి ప్రస్తావన ఉంటుంది. బళ్లో ఆ పద్యాలు వల్లించిన రాయలసీమ పిల్లవాడు, కోస్తా పిల్లవాడు పటంలో ఊరెక్కడుందో తెలియకుండానే దాని పేరు నోట నానబెట్టుకున్నారు. ఆ శతకంలో ఓ పద్యం వినగానే గుచ్చుకుంటుంది. యమదూతలు వచ్చి నిలబడి, కఫం గొంతుకు అడ్డుపడ్డ గడియలో నీ పేరు గుర్తొస్తుందో రాదో, అందుకే ఇప్పుడే పిలుచుకుంటున్నానని స్వామితో అంటాడు కవి. ఆ మాట వేదాంతంలా లేదు, ముందుచూపున్న గృహస్థు మాటలా ఉంది. స్వామి దర్శనానికి వెళ్లిన ప్రతిసారీ యముడు ఎదురుపడే ఊళ్లో బతికినవాడికి అలాంటి పద్యం తట్టడంలో వింతేముంది?

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి నుంచి పదమూడు రోజులు ఈ నెమ్మదైన ఊరు రూపం మార్చుకుంటుంది. కల్యాణం, రథం, జాతర. బ్రహ్మపుష్కరిణిలో స్వామిని తెప్ప మీద తిప్పి, కోనేటి నడుమ మండపంలో ఉయ్యాలలూపుతారు. యోగ నరసింహుడికి ఒకరోజు, ఉగ్ర నరసింహుడికి ఒకరోజు, వేంకటేశ్వరుడికి ఒకరోజు.

తీరం వెంట దిగువకు పోతే కోటిలింగాల. శాతవాహన రాజు చిముకుడి నాణేలు దొరికిన చోటు. ఇంకా కిందికి, ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరంలో యముడు మళ్లీ కనిపిస్తాడు. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి ముక్తేశ్వరుడిదైతే రెండోది యముడి పేరిట కాళేశ్వరుడిది. ముందు యముడికి పూజ చేసి ఆ తర్వాతే శివుడికి చేయడం ఆచారం.

ధర్మపురికి వస్తే యమపురి ఉండదని ఇక్కడో నానుడి. దాన్ని నమ్మి పరుగున వచ్చి, కొబ్బరికాయ కొట్టి, గంటలో కారెక్కేవాళ్లే ఎక్కువ. యముడంతటి పనిమంతుడే తీరుబడిగా ఆగిపోయిన చోట మనకంత తొందరెందుకో అర్థం కాదు. 2015 జులై 14న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇక్కడే మునిగి గోదావరి పుష్కరాలను ప్రారంభించినప్పుడు, ఆ పన్నెండు రోజులూ రేవులో కాలు పెట్టే సందు లేకపోయింది. మళ్లీ పుష్కరాలు 2027లో. ఆ రద్దీకి ముందే, శని ఆదివారాలు కాని రోజు చూసుకుని రండి. ఓ రాత్రి ఊళ్లో ఉండి, తెల్లవారుజామున గంగలో మునగండి. తడిబట్టలు మాత్రం నీళ్లలో వదిలి వెళ్లకండి.