విధవరాలి పెండ్లి ప్రకటన



భార్య పోయినవానికి ఏడాది తిరుగక మునుపే పిల్లను వెదకుదుము. భర్త పోయిన చిన్నదానికో, ఓర్చుకొమ్మని బోధింతుము. ఇది న్యాయమా?

రూతును చూడుడి. మన కమలాపురపు చేలలో బీదలు పరిగె యేరుకొనునట్లే ఆమె బేత్లెహేములో యవల పరిగెకు పోయెను, పెండ్లికి కాదు. తెలియక చేరిన చేను బోయజుది. అయితే ఆమెకు మరల ఒక ఇల్లు కావలెనని తలంచి దారి చూపినదెవరు? కొడుకును పోగొట్టుకొన్న అత్త నయోమియే! మన అత్తలలో ఎందరికి అంత గుండె యున్నది? (మామల మాట చెప్పనక్కరలేదు.)

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు వెలికి జంకక విధవా వివాహము జరిపించిరి. మనకైతే 1 కొరింథీయులకు 7వ అధ్యాయములో పౌలే సెలవిచ్చియున్నాడు. పెండ్లి ప్రకటన చదివించుకొన వచ్చిన విధవరాలిని చూచి గుడి వెనుక గుసగుసలాడువారు ఏ వాక్యము చూపుదురు?