కొద్దికాలపు పని



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల ఫ్యాక్టరీలలో మన యౌవనస్థులు అనేకులు కాంట్రాక్టు మీద పనిచేయుచున్నారు. కొన్ని నెలలు గడచిన తరువాత "రేపటినుండి రావద్దు" అను మాట వినవలసివచ్చును. అట్లు ఇంటికి చేరినవాడు నలుగురిలోనికి వచ్చుటకు సిగ్గుపడును. పని పోయినప్పుడు మనుష్యుని విలువ కూడ పోవునా?

మనకు దగ్గరనే, అమ్ముగూడలో, 1936లో ఒక పేద ఇంట తులసీదాస్ బలరామ్ జన్మించెను. ఫుట్‌బాల్ ఆటలో ఆరితేరి, 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్ ఆటలలో దేశము పక్షమున ఆడెను. రోమ్‌లో హంగేరీ మీదను పెరూ మీదను గోళ్లు కొట్టెను. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకము గెలిచిన జట్టులో ఆయన ఒకడు. మరుసటి యేడే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, ముప్పది యేండ్లు నిండకముందే ఆట మానవలసివచ్చినది. ఆయన 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసెను. అనగా పేరు తెచ్చిన ఆట ఏడెనిమిదేండ్లు. దాని తరువాతి బ్రదుకు దాదాపు అరువది యేండ్లు. ఆ కాలములో ఆయన ఇతరులకు ఆట నేర్పెను. తన్ను మరచిరని నొచ్చుకొనెను కూడ. ఆ మరపు ఆయన తప్పు కాదు, మనది.

అమెరికాలో ఆర్చిబాల్డ్ గ్రాహం అనునతని పని ఇంకను కొద్దిది. బేస్‌బాల్ అను బంతియాటలో, 1905 జూన్ 29న, న్యూయార్క్ జైంట్స్ జట్టు తరపున ఆయన ఒక్క ఆట ఆడెను. బ్యాటు పట్టు వంతు రాకముందే అది ముగిసెను. పెద్ద లీగునుండి మరల పిలుపు రాలేదు. వైద్యము చదివినవాడు గనుక చిషోల్మ్ అను ఇనుపగనుల ఊరు చేరి, దశాబ్దముల తరబడి బడిపిల్లలకు వైద్యము చేసి, 1965లో మరణించెను. ఆ ఊరి తల్లులకు ఆయన డాక్టరుగారే.

"గ్రాహముకు చదువుండెను. మా పిల్లవాని చేతిలో ఏమున్నది?" అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. రెండవ పని దొరికినవానికే విలువ కలదన్నచో, దొరకనివాని గతి ఏమి? ద్రాక్షతోట ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి. ప్రొద్దు వాలువరకు సంతవీధిలో నిలిచినవారు సోమరులు కారు. వారిని ఎవరును పిలువలేదు, అంతే. యజమానుడు వారి గంటలను లెక్కపెట్టలేదు. వారికిని దినకూలి నిండుగా ఇచ్చెను. నమ్మకముగా చేసిన గంట పని ఎన్నటికిని చేసిన పనియే. దానిని ఏ మేనేజరును తిరిగి తీసికొనలేడు.

కాబట్టి పని పోయి ఇల్లు చేరిన కుమారుని "ఎందుకు తీసివేసిరి?" అని అడుగకముందు, "ఏమి నేర్చుకొంటివి?" అని అడుగుడి. ఎక్కడనైనను పని ఉన్నదని తెలిసినవారు వాని యింటికి వెళ్లి చెప్పుడి. వాడు వచ్చి అడుగువరకు కనిపెట్టవలదు.