రెండక్షరాల అబద్ధం

గుంటూరు

చిన్నా,

నీకు తెలుగు నేర్పింది నాయనమ్మ కనుక కూడబలుక్కునైనా ఇది నువ్వే చదువుకో, అమ్మకివ్వకు.

ఆదివారం మీ నాన్న వర్జీనియా నుంచి ఫోన్ చేసి అరగంట మామిడికాయల గురించే మాట్లాడాడు. వాడికి గొంతులో ఏదో అడ్డం పడితే ఇలాగే చుట్టూ తిరుగుతాడు. చివరికి చెప్పాడు. ఉద్యోగం కోసం నువ్వు నింపుతున్న సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారంలో గంజాయి ప్రశ్న దగ్గర నీ చెయ్యి ఆగిందట. నీతో ఉంటున్న స్నేహితుడు "లేదు అని పెట్టెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నాడట.

పెదనాన్న సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం మానేసి ప్లీడరు గుమస్తాగా చేరాడని మనింట్లో చెప్పుకుంటారు. మానలేదురా, తీసేశారు. 1972 ఆఖర్లో జై ఆంధ్రా ఉద్యమమని కాలేజీ కుర్రాళ్లతో నేనూ రోడ్డెక్కాను. ఒక రాత్రి స్టేషన్లో పెట్టి, పొద్దున్నే టీ తాగించి మరీ పంపారు. నాలుగేళ్లకి ఉద్యోగం వచ్చింది. అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా అని అడిగితే "లేదు" అని రాశాను. పదకొండు నెలలకి పోలీసుల కాగితం ఆఫీసుకి చేరింది. "ఉన్నదున్నట్టు రాసుంటే సరిపోయేదయ్యా, ఆ ఏడు లోపలికెళ్లని కుర్రాడెవడు?" అన్నాడు ఆఫీసరు. మీ నాన్నని చదివించాల్సిన జీతం అది. నాయనమ్మ చేతికి గాజులెందుకు లేవో నువ్వెప్పుడూ అడగలేదు.

మా కాలంలో గంజాయి బైరాగుల చిలుంలో ఉండేది. కొలరాడోలో 2014 నుంచీ కొట్లు పెట్టి, బిళ్లలు చేసి మరీ అమ్ముతున్నారట! రాష్ట్రం ఒప్పుకుంది కదా అని నీ వాదన. ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదని ఆ ఫారమే చెబుతోంది. ఇక నీ కార్డు బాకీలంటావా, అక్కడి బ్యాంకులు మీసం రాకముందే కార్డు చేతిలో పెడతాయి. మాకు కిళ్లీకొట్టులో ఖాతా అంటేనే తల కొట్టేసినట్టుండేది. సరే, పోనీ.

నీ క్లియరెన్స్ ఫారం ఎస్‌ఎఫ్-86నీ, క్లియరెన్స్ ఎవరికివ్వాలో చెప్పే 2017 నాటి నిబంధనలనీ అచ్చు తీయించుకుని చదివాను. గుమస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఏడేళ్ల లోపు సంగతి అడుగుతున్నారు. ఏ నెలలో మొదలెట్టావో, ఎప్పుడు ఆపావో, ఎన్నిసార్లో రాయి. పాత తప్పుకి ఎంత కాలమైంది, తర్వాత ఎలా నడుచుకున్నావు అని చూసి మన్నించే దారి ఆ నిబంధనల్లోనే ఉంది. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం ఐదేళ్ల దాకా జైలు. ఇక ముట్టననీ, ముడితే క్లియరెన్స్ తీసెయ్యొచ్చనీ సంతకం పెట్టి ఇవ్వు. ఆ స్నేహితుడితో కలిసుంటున్న ఇల్లు ఈ నెలలోనే ఖాళీ చెయ్యి.

మూడు క్రెడిట్ రిపోర్టులూ తీసి ముందేసుకో. 120 రోజులు దాటిన బాకీ ఏదీ దాచకు. ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చేసి, వాయిదాలు ఒప్పించి, కాగితం మీద తీసుకో. వంద డాలర్లయినా సరే నెల తప్పకుండా కట్టి రశీదు దాచు. చెరువు కింద ఎకరం బేరం పెట్టమన్నాడు మీ నాన్న. నేను పెట్టను. నీ జీతంలోంచే పోవాలి.

విదేశాల్లో దగ్గరివాళ్ల వివరాలు అడిగే చోట నా పేరూ రాయి. పుట్టిన తేదీ, బడిలో మాస్టారు వేసింది 1-7-1952. మీ నాయనమ్మ లెక్కలో శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం మర్నాడు. రెండూ రాసెయ్.

పెదనాన్న