అలవాటుపడిన కావలివాడు

ప్రియ చదువరీ, ఈ ఉదయమున నీవు పడక విడిచి నిలువబడినప్పుడు నీ దేహములో ఎంత కార్యము జరిగెనో ఎరుగుదువా? ఆ క్షణమున సుమారు అర లీటరు రక్తము, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, కాళ్లలోనికిని ఉదరములోనికిని దిగిపోయెను. గుండెకు తిరిగి చేరు రక్తము తగ్గెను. అట్లే విడిచినయెడల మెదడుకు రక్తము చాలక నీవు కూలిపోవలసినదే. అయినను నీవు కూలలేదు. ఎందుచేత?

మెడకు ఇరుప్రక్కల పెద్ద ధమని రెండుగా చీలు చోటను, గుండెనుండి బయలుదేరు మహాధమని వంపునందును, రక్తనాళపు గోడలో సన్నని నరముల కొనలు కలవు. గోడ సాగినకొలది ఇవి మెదడు అడుగుభాగమునకు ఎక్కువ వార్త పంపును. సాగుట తగ్గినయెడల వార్తయు తగ్గును. వార్త తగ్గగానే మెదడు గుండెను వేగిరపరచి, రక్తనాళములను బిగించి, కొద్ది క్షణములలో రక్తపుపోటును నిలువబెట్టును. మనము మరచియున్నను ఈ కావలివాడు తన పని మరువడు.

అయితే ఇతనియందు ఒక బలహీనత కలదు. పోటు కొంతసేపు మాత్రమే హెచ్చినయెడల ఇతడు దానిని ఎదిరించును. అది దినముల తరబడి హెచ్చుగానే నిలిచినయెడల దానికి అలవాటుపడును. 1956లో అమెరికాలో మక్‌కబిన్, గ్రీన్, పేజ్ అను పరిశోధకులు, మూత్రపిండముల మూలముగా చాలకాలము పోటు హెచ్చియున్న కుక్కలలో ఈ నరముల వార్తను పరీక్షించిరి. హెచ్చును చూచి కేక వేయవలసిన నరములు ఆ హెచ్చునే సాధారణముగా ఎంచుచుండెను. కావలివాడు చావలేదు, పారిపోలేదు. తన గీతను పైకి జరుపుకొనెను, అంతే. ఇప్పుడు ఆ తప్పు గీతనే శ్రద్ధగా కాపాడుచున్నాడు!

మన మనస్సాక్షి సంగతియు ఇట్టిదే కాదా? ఒక దుకాణదారుడు కూలిపని చేసికొను స్త్రీకి మొదటిసారి బియ్యము తక్కువ తూచినప్పుడు అతని చేయి వణకెను; ఆ రాత్రి నిద్రపట్టలేదు. నెల తిరుగునప్పటికి చేయి వణకుట మానెను. ఏడాది గడచునప్పటికి ఆ తక్కువ తూకమే అతనికి సరియైన తూకమాయెను. ఎప్పుడైన పూర్తి కిలో తూచవలసివచ్చినయెడల, తన సొమ్మే పోవుచున్నట్లు అతని మనస్సు కలవరపడెను. "నా మనస్సులో ఏ కలతయు లేదు" అని అతడు చెప్పినయెడల అది అబద్ధము కాదు. అతని మనశ్శాంతి నిజమే. ఆ స్త్రీ యింటి పిల్లల ఆకలియు నిజమే.

కనుక చదువరీ, కలత లేకపోవుటను నిర్దోషత్వమునకు సాక్ష్యముగా తీసికొనకుము. పోటు హెచ్చియున్న అనేకులకు బాధ యేమియు తెలియదు. నరములు చెప్పని ఆ సంగతిని చేతికి కట్టిన పట్టీ చెప్పును. 1896లో రివా-రోచి ఆ పట్టీని కల్పించెను. 1905లో కొరొట్కాఫ్ దాని క్రింద చెవియొగ్గి వినుట నేర్పెను. దేహమునకు వెలుపలి కొలత అవసరమైనప్పుడు మనస్సునకు అక్కరలేదా? ఆ కొలత ఎక్కడ దొరకును? మన చేతి క్రింద నష్టపడువారి యొద్దనే దొరకును. తూకము సరియో కాదో తక్కెడ పట్టినవానిని అడుగవద్దు. సంచి మోసికొనిపోయినవారిని అడుగుము. నీ మాట కఠినమో కాదో నీ గుండెను అడుగవద్దు. ఆ మాట పడినవారిని అడుగుము. వారు జవాబు చెప్పుటకు భయపడినయెడల, ఆ భయమే జవాబు.

మరియొక సంగతి. హెచ్చు పోటుకు అలవాటుపడిన దేహములో దానిని ఒక్కసారిగా దించినయెడల, సరియైన మట్టము సైతము లోటువలె తోచి తల తిరుగవచ్చును. అందుచేత వైద్యులు సాధారణముగా దానిని క్రమముగా దించుదురు. న్యాయమునకు తిరిగివచ్చువానికిని మొదట ఇట్టి తలతిరుగుడు కలుగును. సరియైన తూకము నష్టమువలె కనబడును. దానిని చూచి వెనుదీయకుము. పోటు తగ్గి కొంతకాలము నిలిచినయెడల ఆ నరములు తమ గీతను మరల దించుకొనునని జంతువులపై జరిగిన తరువాతి పరిశోధనలు చూపినవి. పైకి జరిగిన గీత క్రిందికిని జరుగగలదు. నేడు సరిగా తూచుము. చేయి వణకినను తూచుము.