నిలిపియుంచిన బండి

ధ్యాన భాగములు: కీర్తనలు 32, యెహెజ్కేలు 36:26, మత్తయి 5:23, 24

వాడుటవలన వస్తువు అరుగుననుట లోకమెరిగిన మాట. వాడక విడిచిపెట్టుటవలనను వస్తువు చెడుననుట అనేకులు మరచిన మాట. పొలములో తిరుగు నాగటి కర్రు మెరయుచుండును. మూల పడవేసిన కర్రు త్రుప్పు పట్టును. ఆత్మీయ జీవితమునందును ఇట్లే జరుగును. ముప్పది రెండవ కీర్తనలో దావీదు తన పాపమును ఒప్పుకొనక ఊరకుండిన దినములను జ్ఞాపకము చేసికొనుచున్నాడు. ఆ దినములలో అతని యెముకలను క్షీణింపజేసినది శత్రువు ఖడ్గము కాదు, అతని మౌనమే. ఈ సంగతిని గ్రహించుటకు ఒక ఉపమానము ఆలకింపుడి.

సూరతు పట్టణమునకు నైరృతి దిక్కున, సుమారు 20 కిలోమీటర్ల దూరములో, తాపీ నది సముద్రమున కలియు చోటికి సమీపముగా డుమస్ అను తీరప్రాంతము కలదు. అచ్చటి ఇసుక నల్లనిది. గాలి ఉప్పు గాలి. సూరతులోని మరమగ్గములలో పనిచేయుటకు తెలంగాణ జిల్లాలనుండి వేలాది తెలుగు కుటుంబములు వలసపోయి ఆ పట్టణమున స్థిరపడినవి. అట్టి కుటుంబములలో ఒకదానిని తలంచుకొనుడి. తండ్రి కరీంనగరు ప్రాంతమునుండి వచ్చి, ఎన్నో యేండ్లు మగ్గముల యొద్ద శ్రమించి, కడపటి దినములలో డుమస్‌లో ఒక చిన్న యిల్లు కొనెను. అతనికి ఒక పాత బుల్లెట్టు మోటారు సైకిలు ఉండెను. 1955లో ఇంగ్లండు దేశపు రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారును మద్రాసు మోటార్సువారును కలిసి మద్రాసులో నెలకొల్పిన సంస్థ తయారుచేసిన బండి అది. ఆదివారము వచ్చెనా, చిన్న కుమారుని పెట్రోలు టాంకు మీదను, పెద్ద కుమారుని వెనుకను కూర్చుండబెట్టుకొని అతడు ఆరాధనకు వెళ్లుచుండెను.

తండ్రి ప్రభువునందు నిద్రించిన తరువాత, పెద్దవాడు తమ్ముని అడుగకయే ఇంటి పత్రముమీద తన పేరు ఒక్కటే వ్రాయించుకొనెను. తమ్ముడు ఒక్క మాట అనెను. అన్న ఒక్క మాట బదులు చెప్పెను. అంతటితో మాటలు నిలిచిపోయినవి. తమ్ముడు కరీంనగరునకు తిరిగి వెళ్లిపోయెను. బుల్లెట్టు వసారాలో టార్పాలిను క్రింద నిలిచిపోయెను. ఆ విధముగా పండ్రెండు వర్షకాలములు గడచెను. ఇంతలో అన్న సంఘములో పెద్దమనిషి అనిపించుకొనెను. కానుకలలో వెనుదీయడు, ప్రార్థనలో ముందుండును. "నాకు ఎవరితోను విరోధము లేదు" అని అతడు తరచుగా చెప్పుచుండెను. విరోధము లేదన్న మాట నిజమే. అచ్చట మాటయే లేదు.

ఒక సంవత్సరము క్రిస్మసు సమీపించుచుండగా అతని కుమారుడు తాతగారి బండి నడుపవలెనని కోరెను. అన్న ఆ ఊరి వృద్ధ మెకానిక్కును పిలిపించి, "కాకా, నూనె మార్చి, కొత్త పెట్రోలు పోసి, ఒక కిక్కు కొట్టండి, చాలును" అనెను. వృద్ధుడు టార్పాలిను తొలగించి, "భాయ్, పైన మెరుగు బాగుగనే యున్నది. లోపల చూడక కిక్కు కొట్టుట మాత్రము నా వలన కాదు" అనెను.

అతడు అట్లనుటకు హేతువు కలదు. ఇంజనులో తిరుగు ఇరుసు బరువును మోయునవి బేరింగులు. బేరింగు అను ఇంగ్లీషు మాటకు భరించునది అని అర్థము. ఇనుమునకును ఇనుమునకును నడుమ, తలవెండ్రుక కంటె పలుచనైన నూనె పొర యొకటి నిలిచి, ఒకదానినొకటి కొరుకకుండ కాపాడును. ఇంజను నడచునంత కాలము పంపు ఆ నూనెను అందించుచుండును. నిలిచినప్పుడు నూనె మెల్లమెల్లగా క్రిందికి జారిపోవును. ఎడతెగక వీచు సముద్రపు తేమ లోపలికి చేరును. రాత్రి చల్లదనమునకు అది నీటి బిందువులగును. మండిన పెట్రోలువలన పాత నూనెలో చేరిన ఆమ్లము దానికి తోడగును. బంతులు ఏ చోట నిలిచినవో ఆ చోటనే త్రుప్పు కొరుకును.

వృద్ధుడు ఇంజనును విప్పి, భాగములను కిరసనాయిలులో కడిగెను. క్రాంకును ప్రక్కనుండి మోయు బంతి బేరింగును వ్రేలితో మెల్లగా త్రిప్పి చూచెను. మంచి బేరింగు పట్టువలె తిరుగును. ఇది మధ్యమధ్య తట్టుకొనుచుండెను. దీపము చూపగా, బంతులు కూర్చున్న చోట్ల, సమానమైన ఎడములో, చిన్న చిన్న గుంటలు కనబడెను. పిమ్మట అతడు కనెక్టింగు రాడ్డును పట్టుకొని ప్రక్కలకు కదలించెను. "ఇటు కొంచెము కదలవచ్చును భాయ్, అది దోషము కాదు" అనెను. తరువాత దానిని పైకిని క్రిందికిని లాగెను. టక్కుమని ఒక చిన్న శబ్దము వినబడెను. "ఇది మాత్రము ఉండరాదు."

"చిక్కని నూనె పోసినయెడల ఆ శబ్దము అణగునందురు గదా కాకా?"

"అణగును. బండిని అమ్మివేయదలచినవాడు అట్లే చేయును. మీరు కుమారుని ఎక్కించదలచితిరి గదా!"

"గుంటలను గీకి నునుపు చేయరాదా?"

"గీకినకొలది ఎడము పెరుగును. గుంటపడిన బేరింగును బాగుచేయుట లేదు భాయ్, మార్చుటయే."

ప్రియులారా, ఈ మాటలయొద్ద కొంచెము ఆగుడి. సహోదరుల మధ్య ప్రేమ ఆ నూనె పొర వంటిది. నూట ముప్పది మూడవ కీర్తన సహోదరుల ఐక్యతను నూనెతోనే పోల్చుచున్నది. ఆ నూనె ఒక్క దినమున ఆరిపోదు. ఒక ఉత్తరము వ్రాయని నెల, ఒక పండుగకు పిలువని సంవత్సరము, ఒక మరణవార్త ఇతరుల నోట వినిన దినము, ఇట్లు అది మెల్లమెల్లగా జారిపోవును. పోట్లాడుచున్నవారు కనీసము ఒకరినొకరు చూచుచుందురు. మౌనముగా నున్నవారి హృదయములు పాత మాట మీదనే, ఆ ఒక్క చోటనే, కూర్చుండియుండును. ఆ చోటనే గుంట పడును.

చిక్కని నూనె పోయుట మనుష్యునికి అలవాటైన పని. ఎక్కువ కానుక ఇచ్చి, బిగ్గరగా పాడి, అతడు లోపలి శబ్దమును అణచుకొనును. అందువలననే ప్రభువు మత్తయి సువార్త అయిదవ అధ్యాయములో కానుకను బలిపీఠము నెదుటనే ఆపివేయుచున్నాడు. తనమీద సహోదరునికి ఏదో విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినవాడు ముందుగా అతనియొద్దకు పోయి సమాధానపడవలెను. కానుక ఆ తరువాత. ప్రభువు అడుగునది, నీకు ఎవరిమీదనైన కోపమున్నదా అని కాదు. నీవలన గాయపడినవాడు ఎవడైన నున్నాడా అని. "నాకు ఎవరితోను విరోధము లేదు" అను మాట ఈ ప్రశ్న యెదుట నిలువజాలదు.

మరియు గుంటపడిన హృదయమును ఎవడును తన చేతులతో నునుపు చేసికొనలేడు. ఎంత గీకినను ఎడమే పెరుగును. దేవుడు యెహెజ్కేలు ద్వారా తన ప్రజలకు వాగ్దానము చేసినది మెరుగుపెట్టిన రాతి గుండెను కాదు. దానిని తీసివేసి, దాని స్థానమున క్రొత్త హృదయము నిచ్చెదనని ఆయన సెలవిచ్చెను. ఆ క్రియ సుత్తి దెబ్బలతో జరుగదు. పాత బేరింగును తీయుటకు మెకానిక్కు దానిని కొట్టడు. దానిని పట్టియున్న అల్యూమినియపు క్రాంకు కేసును, నీటి చుక్క చిటపటలాడునంతగా, సమముగా వేడిచేయును. అల్యూమినియము ఉక్కుకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును గనుక, పట్టు సడలి బేరింగు తనంతట తానే రాలును. క్రొత్తదియు అదే వేడిలో తన స్థానమున దిగును. దేవుని కృప యొక్క వేడిమిలోనే కఠినమైన పట్టు సడలును. ఆ కృపకు ఆధారము సిలువయే. యెషయా యేబది మూడవ అధ్యాయములో మనుష్యుల రోగములను వ్యసనములను తనమీద వేసికొని భరించినవాడు కనబడుచున్నాడు. ఆ భరించువాడు లోపల నిలిచినప్పుడే సహోదరుడు సహోదరుని భారమును మోయగలడు.

ఉపమానములోని అన్న యేమి చేసెను? క్రొత్త బేరింగులు రావలెనన్న వారము పట్టునని చెప్పి వృద్ధుడు వెళ్లిపోయెను. ఆ రాత్రి విప్పిన ఇంజను భాగములు వసారాలో పాత చీరమీద పరచియుండెను. అన్న రాడ్డును చేతబట్టి మరల పైకి లాగి చూచెను, టక్కుమనెను. తండ్రి ఉండగా ఆ శబ్దము లేదు. అతడు చాలసేపు మోకరించి, పిమ్మట పండ్రెండేండ్లుగా పిలువని కరీంనగరు ఇంటికి టెలిఫోను చేసెను.

"తమ్మీ, నిన్ను అడుగక ఇంటి పత్రముమీద నా పేరు వ్రాయించుకొంటిని. అది అన్యాయము. నీ భాగము నీకు వ్రాసి ఇచ్చెదను. నన్ను క్షమించుము" అనెను. నూనె కలుపని మాటలవి. "అయినను" అని గాని, "నీవు కూడ" అని గాని వాటిలో లేదు.

అవతల చాలసేపు నిశ్శబ్దము. తరువాత, "నాయన బండి ఇంకను ఉన్నదా అన్నా?" అని తమ్ముడు అడిగెను.

"ఉన్నది. లోపల విప్పియున్నది."

"నేను వచ్చువరకు బిగింపవద్దు."

ప్రతి సహోదరుడును ఇట్లు బదులిచ్చునని వాగ్దానము లేదు. రోమా పత్రిక పండ్రెండవ అధ్యాయములో పౌలు విశ్వాసికి అప్పగించినది అతనికి శక్యమైనంతమట్టుకే. అయినను విప్పుట విశ్వాసి పని. అది అతనికి శక్యమైనదే. క్రొత్త బేరింగులు వేసిన ఇంజనును మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపుదురు. క్రొత్తగా సమాధానపడినవారును అట్లే నెమ్మదిగా నడుచుకొందురు గాక.

ఈ పుట చదువువారిలో ఎవరి జ్ఞాపకమునకైన ఒక పేరు వచ్చినయెడల, మరియొక వర్షకాలము దాటకమునుపే ఆ పేరుగలవానిని పిలుచుటకు, భారములను భరించు ప్రభువు వారికి ధైర్యము దయచేయును గాక. ఆమేన్.